జెమాకు విశ్రాంతి

జెమా షెడ్డులోకి వచ్చేసరికి రోజూ తను కూర్చునే బాణలి ముందు సెబతి కూర్చుని ఉంది.

పొయ్యి అప్పటికే రాజుకుంది. సెబతి తెడ్డును అటూ ఇటూ తోస్తుంటే గోధుమలు అంచు దాటి నేల మీదికి చిందుతున్నాయి. గోడ మేకుకు ఉండాల్సిన జెమా తలగుడ్డ అక్కడ లేదు. మిగిలిన ఆడవాళ్లంతా ఎవరి చోట వాళ్లు కూర్చుని శనగల్లో రాళ్లు ఏరుతూనో, వేరుశనగ పొట్టు చెరుగుతూనో ఉన్నారు. రోజూ ఆమెను చూడగానే ఎవరో ఒకరు పలకరించేవాళ్లు. ఈ రోజు ఒక్కరూ తలెత్తలేదు.

ముందురోజు సాయంత్రం జెమా రేడియోలో మాట్లాడింది. బరంపురం అవతల ఎవరికీ వినపడని చిన్న రేడియో అది. అయితే చుట్టుపక్కల పల్లెలన్నీ దాన్నే వింటాయి. తన పేరు జెమా నాహక్ అని, ఊరి పేరు ఇదని, తన భర్త దండపాణి సూరత్ మగ్గాల మీద పనిచేసి జబ్బుతో ఇంటికి వచ్చి చనిపోయాడని, ఆ జబ్బు హెచ్.ఐ.వి. అని, అది తనకూ ఉందని చెప్పింది. మందులు వేసుకుంటున్నానని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొయ్యి దగ్గర కూర్చుని అంగన్‌వాడీ పిల్లలకు పెట్టే ఛతువా పిండికి గోధుమలు వేయిస్తున్నానని, తనకేమీ కాలేదని, ఆ పిల్లలకూ ఏమీ కాలేదని చెప్పింది. ఏడవలేదు. ఎవర్నీ తిట్టలేదు. మాట్లాడటం అయ్యాక రేడియో పిల్ల ఆమెకు టీ ఇచ్చింది.

"జెమా, నువ్వెందుకొచ్చినావు?" అంది ఉర్మిళా. ఆ షెడ్డు నడిపే మహిళా సంఘానికి ఆమె అధ్యక్షురాలు. ఎప్పుడూ భుజం మీద చెయ్యేసి మాట్లాడే మనిషి, ఈ రోజు కాటా అవతల నిలబడి మాట్లాడింది.

"పనికి."

"నిన్నెవరూ తీసెయ్యలేదు. అలాగని అనుకోకు. ఒంట్లో జబ్బు పెట్టుకుని ఇన్నాళ్లూ పొగలో కూర్చున్నావు, మాకే తెలీలేదు. ఇంక రెస్టు తీసుకో. నీ వాటా నీ ఇంటికొస్తాది."

"నాకు అలసటగా లేదు వదినా."

"లేకపోతే లేదు. తీసుకో."

జెమా వెళ్లి బాణలి పక్కన కూర్చుంది. తెడ్డు కోసం చెయ్యి చాపగానే సెబతి దాన్ని వదిలేసి, కాలినట్టు చేతులు దులుపుకుంటూ లేచి నిలబడింది. పొయ్యిలో కట్టె ఒకటి బయటికి లాగి మంట తగ్గించి జెమా వేయించడం మొదలుపెట్టింది. అడుగు నుంచి పైకి, పక్క నుంచి మధ్యకు తిప్పుతూ పోయింది. గింజలు చిటపటలాడి, రంగు తిరిగి, కమ్మటి వాసన వచ్చేదాకా ఆ షెడ్డులో తెడ్డు చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. బాణలి దించి, గోధుమలను గుడ్డ మీద పోసి, ఆరడానికి పలచగా నెరిపి, ఆమె చేతులు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వెళ్లింది.

తిరిగి వస్తుంటే షెడ్డు వెనక ఉర్మిళా, సెబతి కనిపించారు. ఆ గుడ్డను నాలుగు మూలలా ఎత్తి పట్టుకున్నారు. ఇద్దరూ కలిసి దాన్ని మురుగుకాలవ మీద వంచారు. వేడి గోధుమలు తడి బురదలో పడి ఆవిరి లేచింది. కోళ్లు పరిగెత్తుకొచ్చి, ముక్కు కాలి, వెనక్కి గెంతి, మళ్లీ వచ్చాయి.

జెమా అక్కడే నిలబడిపోయింది. ఇన్నేళ్లలో ఆమె నేల మీద పడ్డ గింజను కూడా ఏరి పక్కన పెట్టేది. ఆ గింజలు కోళ్లకు వేసినందుకు కాదు ఆమె ఒళ్లు మండింది. ఒక మాటైనా అనకుండా, తను వేయించడం అయ్యేదాకా ఓపిగ్గా ఎదురుచూసి, తను అటు తిరగ్గానే పారబోశారు. తిట్టినా బాగుండేది.

ఉర్మిళా ఆమెను చూసి ఖాళీ గుడ్డను మడత పెడుతూ, "ఎల్లి పడుకో జెమా," అంది మెత్తగా.

ఇంట్లో అత్త నిళేంద్రి వసారాలో పాత చీర పరిచి వడియాలు పెడుతోంది. మినప్పిండిని వేళ్లతో చిన్న చిన్న ముద్దలుగా జారవిడుస్తోంది. నిన్న రేడియో మోగినప్పటి నుంచి ఆ ముసలావిడ కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి అన్నం తను పెట్టుకుని తిని, గిన్నె తనే కడుక్కుంది.

జెమా గడప మీద కూర్చుని షెడ్డు దగ్గర జరిగింది చెప్పింది. అత్త చేయి ఆగలేదు. ఒక వరుస పూర్తి చేసి, రెండో వరుస మొదలుపెట్టి, అప్పుడు నోరు విప్పింది.

"నీ జబ్బు నువ్వు చెప్పుకున్నావు. బాగుంది. నా కొడుకు పేరెందుకెత్తినావు?"

"ఆయన పేరెత్తకుండా నా కథ ఎలా చెప్పను?"

"నీ కథ నీది. వాడి కథ వాడిది. వాడున్నాడేటి, ఒప్పుకున్నాడో లేదో అడగడానికి? పోయినోణ్ని లేపి ఊరి మధ్యలో నిలబెట్టినావు."

రేడియో పిల్ల కూడా ఆ మాటే అడిగింది, పేరు మార్చి చెప్పొచ్చు కదా అని. జెమా వద్దంది. ఎందుకు వద్దందో అత్తకు చెప్పాలని నిన్నటి నుంచి చూస్తోంది. ఇప్పుడు చెప్పింది.

పక్క పల్లెలో బిప్ర అని ఒక కుర్రాడు ఉండేవాడు. సూరత్ నుంచి ఎముకల గూడులా తిరిగొచ్చాడు. వానాకాలంలో ఒక రోజు బరంపురం ఆసుపత్రిలో హెచ్.ఐ.వి. మందులిచ్చే గది ముందు బెంచీ మీద అతను కూర్చుని ఉండగా జెమా వెళ్లింది. ఆమెను చూడగానే అతను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయాడు. ఆమె వరండా చివరిదాకా వెనకాలే వెళ్లింది. అప్పటికే జనంలో కలిసిపోయాడు. ఆ తర్వాత అతను ఆ గదికి రాలేదు. పోయిన నెలలో చచ్చిపోయాడు. కామెర్లన్నారు ఇంట్లోవాళ్లు. మందు ఉంది. ఉచితంగా ఇస్తున్నారు. ఆ మందు వేసుకునే తను రోజూ ఇంత కట్టె మోసి, ఇంత పిండి వేయిస్తోంది. పాతికేళ్లు నిండని వాడు ఆ మందుకి చేరువగా వెళ్లి, తనను చూసి, తను ఎక్కడ బయటపెడుతుందోనని పారిపోయి చచ్చాడు.

"నా సంగతి ముందే అందరికీ తెలిసుంటే వాడు నన్ను చూసి భయపడేవాడు కాదత్తా. నా పక్కనే కూర్చునేవాడు," అంది జెమా. "పేరు మార్చి చెప్తే అది నా కథ అని ఎవరు నమ్ముతారు?"

ముసలావిడ చేతికంటిన పిండి గిన్నె అంచుకు రాసి లేచింది. "వడియాలు కాకులెత్తుకుపోతాయి, చూస్తూండు," అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న జెమా మళ్లీ షెడ్డుకు వెళ్లింది. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. ఆమె గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నం ఆడవాళ్లు అన్నానికి బయటికి వచ్చినప్పుడు ఆమె కాళ్లు తగలకుండా చీరలు ఎత్తి పట్టుకుని, ఒక్కొక్కరే పక్కగా దిగారు. జెమా తను తెచ్చుకున్న పఖాళ చద్దన్నం గిన్నె తెరిచి అక్కడే తింది. ఆ తర్వాతి రోజూ అలాగే కూర్చుంది. దారిన పోయే మగవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఒకాయన, ఇంట్లో కూర్చోబెట్టి డబ్బిస్తామంటుంటే గుమ్మంలో కూర్చుని ఎండలో మాడతావేంటని నవ్వాడు. రేడియోలో పాటలు కూడా పాడతావా అని ఇంకొకాయన అడిగాడు. మాట్లాడిన వాళ్లలో ఎక్కువమంది జాలిపడ్డారు. జాలి పడుతూనే రెండడుగులు దూరంగా నిలబడ్డారు.

ఇలా గుమ్మానికి అడ్డంగా మనిషి కూర్చుంటే సరుకు ఎలా వెళ్తుందని ఉర్మిళాయే చివరికి కబురు పంపింది. అంగన్‌వాడీ సూపర్‌వైజర్ మంజుశ్రీ స్కూటర్ మీద వచ్చింది. ఆమెను అందరూ అపా, అంటే అక్కా, అని పిలుస్తారు. అంగన్‌వాడీ వరండాలో చాప వేశారు. సంఘం ఆడవాళ్లు ఒక పక్క, పిల్లల తల్లులు కొందరు ఇంకో పక్క కూర్చున్నారు. జెమా మధ్యలో ఒక్కతే కూర్చుంది. ఆమె చుట్టూ చాప ఖాళీగా ఉంది.

మంజుశ్రీ మంచిగానే మొదలుపెట్టింది. వేయిస్తే, తాకితే, పక్కన కూర్చుంటే ఈ జబ్బు అంటదని చెప్పింది. జబ్బుందని పనిలోంచి తీసేస్తే చట్టం ఒప్పుకోదని, తన ఉద్యోగానికే ముప్పొస్తుందని చెప్పింది. ఆడవాళ్లంతా తలలూపారు. ఆ సంగతి చెప్పే బొమ్మలు ఆసుపత్రి గోడ మీద తాము కూడా చూశామని ఉర్మిళా అంది. ఎవరూ ఎవర్నీ తీసెయ్యలేదని, జెమా తమ ఆడబిడ్డ లాంటిదని, ఆమె ఆరోగ్యం కోసమే విశ్రాంతి ఇచ్చామని, ఇంట్లో కూర్చున్నా వాటా పైసాతో సహా అందుతుందని చెప్పింది. ఆ మాట వినగానే సూపర్‌వైజర్ మొహంలో బరువు దిగినట్టయింది.

"అంటే ఇది తీసెయ్యడం కాదు," అంది ఆమె. "చూడు జెమా, కొన్నాళ్లు... ఈ గొడవ చల్లారేదాకా, నీ అంతట నువ్వే విశ్రాంతి తీసుకుంటే, అందరికీ..."

"నా అంతట నాకు అలసట లేదు అపా," అంది జెమా. "మీరందరూ అలసట ఉందంటున్నారు. నా ఒంట్లో ఉన్నదేటో మీకు నాను చెప్పినాను. లేనిది మీరు చెప్తున్నారు. మొన్న నాను వేయించిన గోధుమలు కాలవలో పారబోసినారు, అది కూడా నా ఆరోగ్యం కోసమేనా?"

సూపర్‌వైజర్ ఉర్మిళా వైపు చూసింది. ఉర్మిళా చాప పుల్లలు పీకుతోంది. అప్పుడు తల్లుల వైపు నుంచి ఒకామె లేచి, ఇంక దాపరికం ఎందుకని, తమకు భయంగా ఉందని చెప్పింది. ఇన్నేళ్లూ తమకు తెలియకుండా తమ పిల్లలకు తినిపించిందని, తెలిసుంటే ఆ మొదటి రోజే ఒప్పుకునేవాళ్లం కాదని, ఇది మోసం కాదా అని అడిగింది. మాకు తెలీదు, మాకెవరికీ తెలీదు అని అన్ని పక్కల నుంచీ అందుకున్నారు. ఒకరి మాట మీద ఒకరి మాట పడి, ఆ వరండా అంతా ఆ తెలీదు అనే మాటతో నిండిపోయింది.

"ఎవరికి తెలీదే?"

నిళేంద్రి వరండా చివరి స్తంభం దగ్గర నిలబడి ఉంది. ఆమెను ఎవరూ పిలవలేదు. ఎప్పుడొచ్చిందో జెమా కూడా చూడలేదు. ముసలావిడ మెట్టెక్కి వచ్చి చాప మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నా కొడుకు కామెర్లతో పోయినాడని మీరన్నారు. నానూ అన్నాను. కామెర్లతో పోయినోడి పాడె మొయ్యడానికి ఎవరు భయపడతారు? ఉర్మిళా, మీ ఆయన్ని పిలవడానికి నానే వచ్చినాను. నడుం పట్టేసిందన్నాడు. మర్నాడు చెరకు బండికెత్తుతుంటే నా కళ్లతో చూసినాను. సెబతీ, మీ మామ ఆస్కాలో పనుందని పొద్దున్నే ఎల్లిపోయినాడు. ఈ వీధిలో ఇన్ని ఇళ్లున్నాయి, ఇంటింటికీ ఎల్లినాను, ప్రతి మగాడికీ ఆ రోజే పనొచ్చింది. ఈ పిల్లా, దీని అన్న, ఎద్దుల బండి మీద ఏసుకుని నదికి తీసుకెల్లినారు. బండి దారిలో ఎల్తుంటే మీరు తలుపులేసుకున్నారు. కామెర్లకి తలుపులేసుకుంటారేటి? మీకు తెలుసు. ఆ రోజే తెలుసు. తెలిసే దీన్ని సంఘంలో చేర్చుకున్నారు, పొయ్యి దగ్గర కూర్చోడానికి ఎవరూ ముందుకి రాలేదు కాబట్టి. తెలిసే ఇన్నేళ్లూ మీ పిల్లలకి దీని చేతి పిండి పెట్టినారు. ఒక్క పిల్లకైనా ఏమైనా అయిందా? ఏమీ కాదని కూడా మీకు తెలుసు. ఇప్పుడు కొత్తగా తెలిసింది ఏటి? ఇది నోరు తెరిచింది. అంతేగా?"

లోపలి గదిలో పిల్లలు పాట పాడుతున్నారు. ఆయా వాళ్లను ఊరుకోమంది.

"అవన్నీ ఇప్పుడెందుకత్తా," అంది ఉర్మిళా కాసేపటికి.

"నా కొడుకు పోయిన రోజు ఎవరూ అడగలేదు. అందుకే ఇప్పుడు."

సూపర్‌వైజర్ లేచి నిలబడింది. రేపటి నుంచి జెమా తన చోట తను కూర్చుంటుందని, ఇష్టం లేనివాళ్లు ఆ సంగతి తనకు చెప్పాలని అంది. ఎవరూ చెప్పలేదు. ఉర్మిళా ఒక్క మాట అడిగింది. సరే, జెమా రావచ్చు, కానీ ఇంక ఆ రేడియో మాటలు ఆపేయాలి, ఊరి పేరు చెడిపోతోంది, ఈ ఊళ్లో పిల్లనివ్వడానికి కూడా వెనకాడుతున్నారు అంది. వచ్చే వారం కూడా రేడియోవాళ్లు రమ్మన్నారని, వెళ్తానని జెమా చెప్పింది. పనిలోకి వస్తాననీ, రేడియోకి వెళ్తాననీ, రెండూ ఒకే గొంతుతో చెప్పింది. సూపర్‌వైజర్ అప్పటికే స్కూటర్ తాళం తీస్తోంది.

ఇంటికి నడుస్తుంటే నిళేంద్రి ముందు, జెమా వెనక. సందు మలుపు తిరిగాక ముసలావిడ ఆగి వెనక్కి చూసింది.

"వాడి పేరు చెప్పేముందు నన్నడగాల్సింది," అంది. "అడిగితే నానొద్దనేదాన్ని. అయినా అడగాల్సింది."

"అవునత్తా," అంది జెమా.

మర్నాడు షెడ్డు తలుపు తీసే ఉంది. ఇద్దరు ముగ్గురు రాలేదు. వచ్చినవాళ్లు పొయ్యికి ఎడంగా, గోడ వారగా జరిగి కూర్చున్నారు. సెబతి తలదించుకుని శనగలు ఏరుతోంది. ఉర్మిళా మాత్రం వెళ్తూ వస్తూ, సరుకు ఎక్కువుందని, తొందరగా కానివ్వమని, పాత గొంతుతోనే కసురుకుంది. ఆ కసురు జెమాకు హాయిగా అనిపించింది.

పొద్దెక్కాక గుమ్మంలో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. కాళ్లకు చెప్పులు లేవు. చాలా దూరం ఎండలో నడిచొచ్చినట్టు మొహం కందిపోయి ఉంది. ఇక్కడ జెమా అంటే ఎవరని ఆమె అడిగింది. నేనేనని జెమా చెప్పింది. వచ్చినామె లోపలికి రాకుండా, అందరూ వింటారన్న జంకు లేకుండా, తను పక్క పల్లె రుకుణినని, బిప్ర తల్లినని చెప్పింది.

"నువ్వు మాట్లాడింది మా ఇంట్లో విన్నాం," అంది. "నా చిన్నోడు సిమాంచళ్ కూడా సూరత్ నుంచి ఒచ్చేసినాడు. వాడికీ అదే. అక్కడే పరీక్ష చేసినారంట. మంచం దిగడు. ఆసుపత్రి అంటే గోడ వైపు తిరిగి పడుకుంటాడు. రేడియో మోగుతున్నప్పుడు మాత్రం ఇటు తిరిగినాడమ్మా. ఒక్కసారొచ్చి ఆ మాటలే వాడి ముందు చెప్తావేటి? ఇంకోణ్ని పోగొట్టుకోలేను."

బాణలిలో గోధుమలు సగం వేగి ఉన్నాయి. జెమా చుట్టూ చూసింది. దగ్గరలో ఉన్నది ఉర్మిళా ఒక్కతే.

"వదినా, ఇది చూస్తూండు. చెయ్యి ఆపితే మాడిపోతాది," అని తెడ్డు అందించింది.

ఉర్మిళా చెయ్యి వెంటనే రాలేదు. చీర కొంగు తెడ్డుకు చుట్టి పట్టుకుంది. కొంగుతో తెడ్డు తిరగలేదు. బాణలి అడుగు నుంచి సన్నగా పొగ లేచింది. ఆమె ఒక్క క్షణం గుమ్మంలో ఉన్న రుకుణి వైపు చూసి, కొంగు విదిలించి, రెండు చేతులా తెడ్డు పట్టుకుని గోధుమల్లోకి దించింది.

"ఎల్లు," అంది తల తిప్పకుండా. "తొందరగా రా."

రుకుణి ఇంట్లో వెనక గదికి కిటికీ లేదు. సిమాంచళ్ నవారు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో, వీపు మీద ఎముకలన్నీ కనిపిస్తున్నాయి. జెమా మంచం పక్కన నేల మీద కూర్చుని తన పేరు చెప్పింది. రేడియోలో చెప్పినదంతా మళ్లీ చెప్పింది. రేడియోలో చెప్పనివి కూడా చెప్పింది. మందు మొదలుపెట్టిన కొత్తలో తల తిరిగి పడిపోవడం, పీడకలలు, ఊరి మీద కోపం, దండపాణి మీద కోపం, ఆయన చివరి రోజుల్లో దాహం దాహం అంటుంటే ఆ కోపం పోవడం. కుర్రాడు కదల్లేదు. ఆమె చెప్పాల్సిందంతా అయిపోయింది. ఇంక లేద్దామా అనుకుంటుండగా, అతను గోడతోనే మాట్లాడినట్టు అన్నాడు.

"అన్న నిన్ను ఆసుపత్రిలో చూసినాడు."

"తెలుసు. నన్ను చూసి ఎల్లిపోయినాడు. నాను చెప్పేస్తానని భయపడినాడు."

"అందుకు కాదు."

అతను ఇటు తిరిగాడు. "ఆ రోజు ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసినాడు, సూరత్‌కి. ఛతువా వదిన కనపడిందిరా అన్నాడు. ఆమె కూడా మనలాంటిదే అన్నాడు. నాను చూసినానని తెలిస్తే ఆమెకి నిద్ర పట్టదు, ఈ మాట ఊళ్లో పడితే ఆమె చేత పిల్లలకి పిండి చెయ్యనిస్తారా, పొట్ట కొట్టేస్తారు, అందుకే లేచొచ్చేసినానన్నాడు. నువ్వు రాని రోజు చూసి ఎల్తానన్నాడు. నువ్వే రోజు ఎల్తావో వాడికెలా తెలుస్తాది? రేపు, ఎల్లుండి అంటూ ఉండిపోయినాడు."

గోధుమలు పారబోసినప్పుడు రాని ఏడుపు, వరండాలో రాని ఏడుపు, జెమాకు ఇప్పుడు వచ్చింది. ఆ కుర్రాడు తనను చూసి భయపడలేదు, తన కోసం భయపడ్డాడు. అతని గుట్టు బయటపెట్టనని చెప్పడానికి తను అతని వెనక పరిగెత్తింది. తన గుట్టు బయటపడకూడదని అతను ముందు పరిగెత్తాడు. ఆ ఇద్దరి మధ్యా అడ్డం నిలబడింది జబ్బు కాదు. నడుం నొప్పి అన్నవాళ్లు, తలుపులేసుకున్నవాళ్లు, మెత్తగా విశ్రాంతి తీసుకోమన్నవాళ్లు నిలబడ్డారు. ఒక పిల్లవాడు ఆమెకు మర్యాద చేసి చచ్చిపోయాడు. ఊరు దానికి కామెర్లని పేరు పెట్టింది.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"రేపు పొద్దున్న బస్సుకి నాను మీ ఊరి మలుపు దగ్గరుంటాను," అంది. "ఒస్తే ఒస్తావు."

అతను వచ్చాడు. తల్లి చెయ్యి పట్టుకుని మలుపు దాకా నడిచి, అక్కడి నుంచి ఆమెను వెనక్కి పంపేశాడు. మొహానికి తువ్వాలు చుట్టుకున్నాడు. బస్సు నిండా జనం ఉన్నారు. ముగ్గురు కూర్చునే సీటులో కిటికీ పక్కన అతనికి, మధ్యలో జెమాకు చోటు దొరికింది. ఇటు చివర సిమాంచళ్ పల్లెలో కిరాణా కొట్టు నడిపే పాత్రో కూర్చుని ఉన్నాడు. ఆయన తువ్వాలు వెనక మొహాన్ని కాసేపు పరీక్షగా చూసి గుర్తుపట్టాడు.

"ఏరా, రుకుణి కొడుకువి కాదూ? సూరత్ నుంచి ఎప్పుడొచ్చినావు? పొద్దున్నే ఎక్కడికి?"

సిమాంచళ్ కిటికీ బయటికి చూస్తున్నాడు. జెమా కల్పించుకుంది.

"నాకోసం బాబాయ్. నాకు హెచ్.ఐ.వి. ఉంది, బరంపురంలో మందులు తెచ్చుకోవాలి. ఒక్కదాన్నీ ఎల్లలేక ఈ తమ్ముణ్ని తోడు రమ్మన్నాను."

ముందు సీటులో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. పాత్రో మోకాళ్లు పక్కకు జరిపాడు. సంచి ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. బస్సు చెరకు తోటల మధ్య నుంచి పోతోంది. కిటికీ లోంచి వచ్చే గాలికి సిమాంచళ్ తువ్వాలు అంచు ఎగిరి జెమా భుజానికి తగులుతోంది. అతను దాన్ని సర్దుకోబోయి, సర్దుకోకుండా, మెడ మీదికి లాగేశాడు.

"తోడు కాదు బాబాయ్," అన్నాడు. "నాకూ మందులకే."

పాత్రో లేచాడు. తను దిగాల్సింది ఇంకా చాలా దూరంలో ఉన్నా, సంచి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్లి డ్రైవర్ వెనక నిలబడ్డాడు. ఖాళీ అయిన చోటును చుట్టూ నిలబడ్డవాళ్లు చూస్తున్నారు. ఎవరూ కూర్చోలేదు. అప్పుడు వెనక నుంచి ఒక చేపలామె గంప నెత్తిన పెట్టుకుని వచ్చి, వాళ్లందర్నీ మోచేత్తో పక్కకు నెట్టి, గంప దించి కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. చోటు చాలలేదు.

"కొంచెం జరగండమ్మా," అంది ఆమె. జెమా జరిగింది. సిమాంచళ్ కిటికీకి అంటుకుని కూర్చున్నాడు. చేపలామె ఊపిరి పీల్చుకుని, జెమా భుజానికి ఆనుకుని కళ్లు మూసుకుంది.